ముందు టాస్క్ మేనేజర్ తెరవండి, తర్వాతే పర్సు

ప్రశ్న: మాది సిద్దిపేటలో చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాను. కంప్యూటర్ పాతదే. ఐ5 నాలుగో తరం, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున ఆన్ చేస్తే పని మొదలుపెట్టేసరికి పావుగంట. పేజ్‌మేకర్ తెరుచుకోవడానికి కూడా చాలాసేపు పడుతోంది. ఫోటోషాప్‌లో 8×6 అడుగుల ఫ్లెక్సీ 300 రిజల్యూషన్‌తో చేస్తుంటే మధ్యమధ్యలో ‘నాట్ రెస్పాండింగ్’ అని స్క్రీన్ తెల్లబోతోంది. మా తమ్ముడు తెలిసిన షాపులో చూపిస్తే ర్యామ్ చాలడం లేదు, ఇంకో 8 జీబీ వేయాలన్నారట. ఏది ఎంత వాడుతోందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌లో నేను చూస్తే ఏమీ తెరవకముందే మెమరీ 40 శాతం చూపిస్తోంది. లగ్గాల సీజన్ ముందుంది. డబ్బు పెట్టాక కూడా ఇలాగే ఉంటే ఎలా అని టెన్షన్. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వేయించకండి. కొన్ని రోజులు ఆగి, అది ఎప్పుడు మొరాయిస్తుందో సరిగ్గా ఆ టైమ్‌లోనే పట్టుకుని చూడండి. మీరు రాసినదాంట్లో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. పొద్దున పావుగంట ఒకటి, పేజ్‌మేకర్ ఒకటి, ఫ్లెక్సీ దగ్గర తెల్లబోవడం ఒకటి. షాపువాళ్లు మూడింటికీ ఒకటే గోలీ రాసిచ్చారు. నాకు తోచినంతవరకు మొదటిది హార్డ్ డిస్క్ వల్ల, రెండోదానికి ర్యామ్‌తో సంబంధమే లేదు, మూడోదాంట్లో మాత్రం ర్యామ్ పాత్ర ఉంది గానీ దానికి సగం మందు పైసా ఖర్చు లేకుండా మీ చేతిలోనే ఉంది.

ర్యామ్ పెంచితే కంప్యూటర్ స్పీడ్ పెరుగుతుందని చాలామంది నమ్మకం. ర్యామ్ చాలకపోతే స్పీడ్ పడిపోతుంది, నిజం అంతవరకే. చాలినంత ఉన్నాక ఇంకో 8 వేసినా 16 వేసినా అది ఊరికే కూర్చుంటుంది. ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేసుకునే గట్టు లాంటిది. వంటింట్లో గట్టు చిన్నదైతే వాడని గిన్నెల్ని అటకెక్కించి, కావాల్సినప్పుడల్లా మళ్లీ దించుకుంటాం కదా, ర్యామ్ చాలనప్పుడు విండోస్ చేసేది కూడా అదే. ప్రస్తుతానికి అక్కర్లేని ముక్కల్ని హార్డ్ డిస్క్ మీద పేజ్‌ఫైల్ అనే చోటికి తోసి, మీరు ఆ విండో మీద మళ్లీ క్లిక్ చేసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. మీ మెషీన్‌లో ఈ ఎక్కించడం దించడం జరుగుతోందా లేదా, తేల్చుకోవాల్సింది అదొక్కటే. జరుగుతుంటే ర్యామ్ వేయించండి. లేకపోతే డబ్బు దండగ.

ముందు ఆ 40 శాతం భయం తీసేద్దాం. 8 జీబీలో 40 శాతమంటే 3.2 జీబీ. విండోస్ 10, యాంటీవైరస్, వెనకాల నడిచే చిన్నాచితకా ప్రోగ్రాములు అన్నీ కలిసి తినేది మామూలుగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మిగిలిన ర్యామ్‌ని కూడా విండోస్ ఖాళీగా వదలదు, మీరు ఇంతకుముందు తెరిచిన ఫైళ్ల కాపీల్ని అందులో దాచుకుంటుంది, మళ్లీ అడిగితే చటుక్కున ఇవ్వడానికి. ‘క్యాష్డ్’ అని కనిపించేది అదే. ఏ ప్రోగ్రామ్‌కైనా చోటు కావాలంటే ఆ కాపీల్ని వెంటనే పారేస్తుంది కాబట్టి దాన్ని చూసి నిండిపోయిందనుకోకండి. ర్యామ్ బూస్టర్, ర్యామ్ క్లీనర్ అని దొరికే ప్రోగ్రాములు చేసే ఘనకార్యం ఈ కాపీల్ని ఊడ్చేయడం, నడుస్తున్న ప్రోగ్రాముల ముక్కల్ని కూడా ర్యామ్‌లోంచి బయటికి తోసేయడమే. అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, ఆ తర్వాత ప్రతి ఫైలు కోసం విండోస్ మళ్లీ డిస్క్ దగ్గరికి పరిగెత్తాలి. అలాంటిది ఏదైనా వేసుంటే తీసేయండి. పేజ్‌ఫైల్ ఆపేస్తే స్పీడ్ వస్తుందని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, ఆ జోలికి అసలే వెళ్లకండి. నిజంగా ర్యామ్ అయిపోయిన రోజు మీ డిజైన్ సేవ్ కాకుండానే ప్రోగ్రామ్ మూసుకుపోతుంది.

ఇప్పుడు చూడాల్సిన పద్ధతి చెప్తాను. పొద్దున ఒకసారి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో పెట్టి, ఓ మూలన అలాగే వదిలేయండి. బిగుసుకుపోయాక తెరుద్దామంటే అది కూడా బిగుసుకుపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు అంకెలు చూస్తే ఏమీ తెలియదు, మీరు చూసిన 40 శాతం అలాంటిదే. మీ తమ్ముడు కంప్యూటర్ డబ్బా తీసుకెళ్లినప్పుడు షాపులో మీ ఫ్లెక్సీ ఫైలు తెరిచి పని చేసి చూసి ఉంటారని నేను అనుకోను. ర్యామ్ ఊడదీసి, కాళ్లని రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టి ఉంటారు. అది కంప్యూటర్ ఆన్ కాకుండా బీప్ బీప్ అన్నప్పుడు పనికొచ్చే చిట్కా. నెమ్మదికి దానితో ఒరిగేది ఏమీ లేదు.

మెషీన్ మొరాయించగానే ఎడమవైపు సీపీయూ, మెమరీ, డిస్క్ మూడు అంకెల్నీ కలిపి చూడండి. విడివిడిగా చూస్తే మోసపోతారు. డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, మెమరీ మాత్రం 45, 50, 60 దగ్గర తిరుగుతుంటే ఆ ఆలస్యం డిస్క్‌ది, ర్యామ్ ఎంత వేసినా పోదు. డిస్క్ 100 ఉండి మెమరీ కూడా 90 దాటి ఉంటే ర్యామ్ చాలక ఆ భారం డిస్క్ మీద పడుతోందని అర్థం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, అదే లైటు మినుకు మినుకుమంటుంది, అదే గరగర శబ్దం వస్తుంది, అందుకే చాలామంది ఇక్కడే పొరబడతారు. సీపీయూ ఒక్కటే 100 ఉంటే ప్రాసెసెస్ ట్యాబ్‌లో సీపీయూ అనే మాట మీద క్లిక్ చేయండి, ఎవరు తింటున్నారో పైకి వస్తారు. విండోస్ అప్‌డేటో, యాంటీవైరస్ స్కానో అయితే కాసేపటికి అదే తగ్గుతుంది. ఎప్పుడూ వినని పేరు ఏదైనా రోజంతా తింటుంటే మాత్రం వైరస్ స్కాన్ చేయించండి. పెన్‌డ్రైవ్‌లు రోజూ పది చేతులు మారే షాపు కదా మీది.

ఇంకా గట్టి రుజువు కావాలంటే మెమరీ పేజీలో ‘కమిటెడ్’ అని 6.1/10.5 లాగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నిటికీ విండోస్ ఇస్తానని మాటిచ్చిన మొత్తం, రెండోది ర్యామ్, పేజ్‌ఫైల్ కలిపి దాని దగ్గరున్న మొత్తం. మీ దగ్గర ఉన్నది 8. మొదటి అంకె ఎప్పుడో ఒకసారి 8 దాటితే పర్లేదు, పని చేసినంతసేపూ 10, 11 దగ్గరే ఉంటూ, పక్కనున్న ‘అవైలబుల్’ కొన్ని వందల ఎంబీలకి పడిపోతుంటే ర్యామ్ నిజంగానే చాలడం లేదు. అదే పేజీ కింద ‘ఓపెన్ రిసోర్స్ మానిటర్’ అని ఉంటుంది, అందులో మెమరీ ట్యాబ్‌లో ‘హార్డ్ ఫాల్ట్స్’ గ్రాఫ్ చూడండి. అటక మీద నుంచి దించిన ప్రతిసారీ అక్కడ లెక్క పడుతుంది. ఏదైనా ప్రోగ్రామ్ తెరిచినప్పుడు ఒక్కసారి ఎగిసి పడిపోవడం మామూలే. మీరు ఫ్లెక్సీ మీద పని చేస్తుండగా నిమిషాల తరబడి వందల్లోనే ఉంటే, అప్పుడు షాపువాళ్లు చెప్పింది రైటు.

ఇవేవీ చూసే ఓపిక లేకపోతే ఒక మోటు పరీక్ష ఉంది. కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్రే. డిస్క్ లైటు కాస్త శాంతించేదాకా ఆగి, ఒకే ఒక చిన్న ప్రోగ్రామ్ తెరవండి. అప్పుడు కూడా ఆలస్యమైతే ర్యామ్‌ని అనుమానించాల్సిన పని లేదు, అంత చిన్న పనికి 8 జీబీ చాలకపోవడం ఉండదు. మొదట్లో హాయిగా నడిచి, ఒక్కోటీ తెరుస్తూ పోయేకొద్దీ ఒక చోట ఉన్నట్టుండి కుదేలై, రెండు పెద్దవి మూసేయగానే మళ్లీ తేరుకుంటే మాత్రం ర్యామ్ సమస్యే.

పొద్దున పావుగంట దగ్గర మీకు కనిపించేది దాదాపు ఖాయంగా డిస్క్ 100, మెమరీ సగం. ఆ డిస్క్ పేజీలోనే కింద రీడ్ స్పీడ్ చూడండి, సెకనుకి ఒకటో రెండో ఎంబీ ఉంటుంది. 100 శాతం కష్టపడుతూ రెండు ఎంబీలేంటని అనిపిస్తుంది. తిరిగే హార్డ్ డిస్క్ లోపల పళ్లాలు, వాటి మీద అటూ ఇటూ జరిగే ఒక చెయ్యి ఉంటాయి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది, చెయ్యి జరగడానికి ఇంకొంత. కాబట్టి అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరుకోవాల్సి వస్తే సెకనుకి వంద, మహా అయితే నూటయాభై ముక్కలు. ఒకే పెద్ద వీడియో ఫైలు కాపీ చేస్తే అదే డిస్క్ సెకనుకి వంద ఎంబీ దాకా లాగుతుంది, ఎందుకంటే అక్కడ వరసగా చదువుకుంటూ పోవడమే. విండోస్ లేచేటప్పుడు మాత్రం వేల చిన్న ఫైళ్లు కావాలి, ఆ టైమ్‌లోనే యాంటీవైరస్, అప్‌డేట్, ఇంకా స్టార్టప్‌లో చేరిన బంధుమిత్రులంతా ఒకేసారి చెయ్యి చాస్తారు. హార్డ్ డిస్క్ బదులు వాడే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు, ఇదే ఏరుకునే పనిని సెకనుకి వేలల్లో చేస్తుంది. అందుకే పాత కంప్యూటర్‌కి ఎస్ఎస్‌డీ వేయించినవాళ్లు కొత్తది కొన్నట్టుందంటారు. అది అతిశయోక్తి కాదు. ఈలోగా టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్లి అక్కర్లేనివి డిజేబుల్ చేస్తే కొంత ఊరట ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఈ నెమ్మది ఎప్పటినుంచో కొద్దికొద్దిగా కాకుండా ఈమధ్య ఉన్నట్టుండి మొదలై ఉంటే, డిస్క్ పేజీలో యావరేజ్ రెస్పాన్స్ టైమ్ పదేపదే వేల మిల్లీసెకన్లలో కనిపిస్తుంటే, ఆ డిస్క్ పోవడానికి సిద్ధంగా ఉందేమో చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరుకుతుంది, తెరవగానే డిస్క్ ఆరోగ్యం చెప్తుంది. అక్కడ గుడ్ బదులు కాషన్ అని పసుపు రంగులో కనిపిస్తే ర్యామూ వద్దు, ఎస్ఎస్‌డీ సంగతి కూడా తర్వాత, ముందు మీ డిజైన్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

పేజ్‌మేకర్ సంగతికి వద్దాం. దాని చివరి వెర్షన్ 7ని అడోబీ 2001లో తెచ్చింది, ఆ తర్వాత వాళ్లు ఇన్‌డిజైన్ దారి పట్టారు, మన తెలుగు డీటీపీ వాళ్లం మాత్రం ‘అను’ అనే తెలుగు ఫాంట్ల పుణ్యమా అని దాన్ని పట్టుకుని వేలాడుతున్నాం. ర్యామ్‌ని ఎంబీల్లో లెక్కపెట్టుకునే రోజుల నాటి ప్రోగ్రామ్ అది. మీ పెళ్లి కార్డు తెరిచి ఉంచి ప్రాసెసెస్ ట్యాబ్‌లో చూడండి, చాలామటుకు కొద్ది పదుల ఎంబీలకి మించదు. పైగా అది 32 బిట్‌ది, మామూలుగా 2 జీబీకి మించి తాకనైనా తాకలేదు. మీరు 64 జీబీ వేయించినా దానికి కనిపించదు. అయినా ఆలస్యంగా తెరుచుకుంటోందంటే డిస్క్ తర్వాత నేను అనుమానించేవి రెండు. ఒకటి ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో ఎవరో ఇచ్చిన సీడీలోని ఫాంట్లన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో పడేయడం ఆనవాయితీ కదా, వేలల్లో ఉంటాయి, డిజైన్ ప్రోగ్రాములు తెరిచేటప్పుడు ఆ జాబితా అంతా తిరగేయాలి. కోరల్‌డ్రా వాడితే అక్కడ కూడా ఇదే బాధ. వాడేవి ఉంచుకుని మిగతావి వేరే ఫోల్డర్‌లోకి మార్చేయండి. రెండోది ప్రింటర్. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకుని, అది ఆఫ్‌లో ఉంటే, ప్రోగ్రామ్ దాని జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోవచ్చు. కాసేపు డిఫాల్ట్‌ని మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌కి మార్చి తెరిచి చూడండి, తేడా ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇక ఫ్లెక్సీ. మీరు రాసిన 300 రిజల్యూషన్ చూసి నేను ఆగిపోయాను. లెక్క వేద్దాం. 8 అడుగులంటే 96 అంగుళాలు, 6 అడుగులంటే 72. అంగుళానికి 300 చొప్పున 28,800 పిక్సెళ్ల వెడల్పు, 21,600 ఎత్తు, గుణిస్తే 62 కోట్ల పైచిలుకు పిక్సెళ్లు. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకే అయితే ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే దాదాపు 2.5 జీబీ. దాని మీద అంతే సైజులో గ్రేడియెంట్ లేయర్ ఒకటి వేస్తే ఇంకో 2.5. పుట్టినరోజు ఫ్లెక్సీ అయితే జిల్లా నాయకుడి నుంచి వార్డు మెంబర్ దాకా అందరి మొహాలూ ఉండాలి, తలకో లేయర్. ఆ తలల లేయర్లు అవి పరుచుకున్న మేరకే తింటాయి గానీ, అందరి వెనకా ఒక షాడో, ఒక గ్లో, మీరు వెనక్కి వెళ్లడానికి ఫోటోషాప్ దాచుకునే హిస్టరీ, అన్నీ కలిపితే 8 జీబీ ఏ మూలకి? 16 అయినా ఏ మూలకి?

అదే ఫ్లెక్సీని 72 రిజల్యూషన్‌తో చేయండి. 6,912 బై 5,184 పిక్సెళ్లు, సీఎంవైకేలో దాదాపు 143 ఎంబీ. పదిహేడు రెట్లు తక్కువ. ఫ్లెక్సీని ఎవరూ అర అడుగు దూరంలో నిలబడి చూడరు, రోడ్డుకి అవతల నుంచి, బండి మీద పోతూ చూస్తారు. చేతిలో పట్టుకుని చదివే పెళ్లి కార్డుకి 300 కావాలి, స్తంభానికి కట్టే గుడ్డకి అక్కర్లేదు. పెద్ద సైజులకి 72 సరిపోతుంది. చిన్న అక్షరాలు ఎక్కువుంటే 100 పెట్టుకోండి, మీరు ప్రింట్ వేయించే ప్రెస్‌వాళ్లని కూడా ఒకమాట అడగండి, పెద్ద ఫైలు వాళ్లకి కూడా తలనొప్పే. ఎప్పుడైనా 10×8ని 300తో మొదలుపెడితే వెడల్పు 36,000 పిక్సెళ్లు అవుతుంది, ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైలు 30,000 దాటనివ్వదు, అలా కూడా మిమ్మల్ని ఆపుతుంది.

ఇలా మార్చాక అసలు ర్యామ్ పరీక్ష పెట్టండి. ఫోటోషాప్ విండో కింద ఎడమ మూలన ఫైలు సైజు చూపించే చోట చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి ‘ఎఫిషియెన్సీ’ ఎంచుకోండి. పని చేస్తున్నంతసేపూ అది 100 శాతం ఉంటే మీ పని మొత్తం ర్యామ్‌లోనే జరుగుతోంది, ఇంకా వేయించినా ఫోటోషాప్‌కి ఉపయోగం లేదు. 100 కిందికి దిగిందంటే ర్యామ్ చాలక స్క్రాచ్ డిస్క్ మీద రాసుకుంటోంది, 80, 70కి పడిపోయి అక్కడే ఉంటోందంటే ర్యామ్ వేయించాల్సిందే. ఈ ఒక్క అంకెని షాపులో ఎవరూ చూడరు, డిజైన్ చేసేవాళ్లు కూడా చూడటం తక్కువే, నాకైతే టాస్క్ మేనేజర్ కంటే ఇదే నమ్మకం. ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర హిస్టరీ స్టేట్స్ 50 ఉంటే 20కి తగ్గించండి, కొంత కలిసొస్తుంది. ఇంకొకటి, మీ వెర్షన్ ఏదో చూసుకోండి. విండోస్‌లో ఫోటోషాప్ 64 బిట్‌కి మారింది 2008లో వచ్చిన సీఎస్4తో. చాలా సెంటర్లలో ఇంకా నడుస్తున్న ఫోటోషాప్ 7 అయితే దానిది కూడా పేజ్‌మేకర్ కథే, ర్యామ్ పెంచినా అందుకోలేదు.

ఫ్లెక్సీ చేసేటప్పుడు పక్కన క్రోమ్ తెరిచి ఉంటుందా? కస్టమర్లు ఫోటోలు పంపేది వాట్సాప్ వెబ్‌లో కాబట్టి ఉండే ఉంటుంది. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబ్ ఎంత తింటోందో చూపిస్తుంది. ఫోటోలు దించుకోగానే మూసేస్తే ఒక జీబీ దాకా మిగిలినా మిగలొచ్చు.

అన్నీ చూశాక కొనాల్సి వస్తే నా వరస ఇది. ముందు ఎస్ఎస్‌డీ. 2.5 అంగుళాల సాటా రకం, 480 లేదా 500 జీబీ చాలు, విండోస్, ప్రోగ్రాములు, ఫోటోషాప్ స్క్రాచ్ డిస్క్ దాని మీద, పాత డిజైన్లన్నీ ఉన్న 1 టీబీ డిస్క్‌ని రెండోదిగా అలాగే ఉంచుకోండి. దాంతో పొద్దున పావుగంట బాధ తీరుతుంది. ర్యామ్ ఎప్పుడైనా చాలకపోయినా ఎక్కించి దించుకునే అటక వేగంగా ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ కూడా తగ్గుతుంది. ఎఫిషియెన్సీ అప్పటికీ పడిపోతుంటేనే ర్యామ్.

ఎస్ఎస్‌డీ ముందనడానికి ఇంకో లెక్క కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఎక్కుతుంది, అంటే మీ మెషీన్‌ని ఇవాళ కాకపోతే రేపు మార్చాల్సిందే. ఎస్ఎస్‌డీని విప్పి కొత్తదాంట్లో పెట్టుకోవచ్చు. మీ ర్యామ్ డీడీఆర్3, కొత్త కంప్యూటర్లలో వాడేది డీడీఆర్4, డీడీఆర్5, గాడి ఉండే చోటే వేరు, అది పట్టదు. ఇవాళ డీడీఆర్3 మీద పెట్టిన డబ్బు ఈ డబ్బాతోనే పోతుంది.

ర్యామ్ కొనాల్సి వస్తే ముందు మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ చూడండి. 1 ఆఫ్ 2 అని ఉంటే ఇంకో 8 పక్కన పెట్టించుకోవచ్చు, 2 ఆఫ్ 2 అంటే 4, 4 రెండున్నాయి, ఒకటి తీస్తే గానీ కొత్తదానికి చోటు లేదు, ఆ తీసినదానికి ఎంత తగ్గిస్తారో ముందే మాట్లాడుకోవాలి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ రేట్లు బాగా ఎగబాకాయి, పాత రేటు గుర్తుపెట్టుకుని వెళ్తే షాక్ తింటారు. డీడీఆర్3లో మార్కెట్లో దొరికేది ఎక్కువగా పాత మెషీన్ల నుంచి తీసినదే. మీ తమ్ముడు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ దాకా వెళ్తే నాలుగు షాపుల్లో అడిగి, మార్చి ఇచ్చే గ్యారంటీ రాయించుకుని తెమ్మనండి. ఇంటికొచ్చాక స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని కొట్టి ఒకసారి పరీక్ష నడపండి, చెడ్డ ర్యామ్ అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

ఇది చదివే మిగతావాళ్లకి రెండు ముక్కలు. 4 జీబీతో విండోస్ 11 నడుపుతున్నవాళ్లు ఇన్ని పరీక్షలు పెట్టుకోనక్కర్లేదు, మీకు ర్యామ్ చాలదు, అంతే. కానీ లాప్‌టాప్ అయితే ర్యామ్ బోర్డుకే అతికించి ఉందేమో మోడల్ నంబర్‌తో వెతికి చూసుకున్నాకే షాపుకెళ్లండి. మ్యాక్ ఉన్నవాళ్లు యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ రంగు చూడండి. ఎప్పుడూ ఆకుపచ్చగా ఉంటే ర్యామ్ గొడవ లేదు, ఎర్రగా ఉన్నా ఎం1 చిప్ నుంచి వచ్చినవాటికి తర్వాత ర్యామ్ పెంచే వీలే లేదు, కొనేటప్పుడే చూసుకోవాలి. ఎక్కడైనా 8 జీబీ వేసినా సగమే కనిపిస్తుంటే విండోస్ 32 బిట్‌ది ఎక్కించారేమో సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ చూడండి, పేజ్‌మేకర్ కోసమని అది వేసేవాళ్లు కొందరున్నారు, పేజ్‌మేకర్ 7 అయితే 64 బిట్ విండోస్‌లో కూడా నడుస్తుంది.

చివరగా, ఎస్ఎస్‌డీ వేయించేటప్పుడు పాత డిస్క్‌ని షాపులో వదిలి రాకండి, ఎక్స్‌చేంజ్ అంటే అసలే ఒప్పుకోకండి. డీటీపీ సెంటర్ డిస్క్‌లో మీ డిజైన్లే కాదు, జిరాక్స్‌కి, దరఖాస్తులకి వచ్చినవాళ్ల ఆధార్ కాపీలు, ఫోటోలు, బ్యాంకు పాస్‌బుక్ పేజీలు కూడా ఉంటాయి. డిలీట్ కొట్టినంత మాత్రాన అవి అక్కడ నుంచి పోవు. పని జరుగుతున్నంతసేపు తమ్ముణ్ని అక్కడే కూర్చోమనండి.